ఇల్లు అమ్మేముందు కొనేవారి గుట్టు తెలియాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. సొంత ఇల్లు అమ్ముకోవడమన్నది ఆ రోజుల్లో అరుదు కనుక ఆ మాట సామెతకెక్కలేదేమో. నేటి పరిస్థితి వేరు. ఉపాధి వెంట ఊళ్లు మారే కుటుంబాలకు ఇల్లు కొనడం ఎంత సహజమో, అమ్ముకోవడమూ అంతే సహజమైపోయింది. ఆ అవసరాన్నే పెట్టుబడిగా చేసుకుని ‘ఇల్లు ఏ స్థితిలో ఉన్నా కొంటాం, వారం రోజుల్లో నగదు చేతిలో పెడతాం’ అంటూ ముందుకు వచ్చే సంస్థలున్నాయి. వీటిలో నిజాయితీగా వ్యాపారం చేసేవి లేవని కాదు. అయితే ఏది ఎటువంటిదో తేల్చుకునే భారం పూర్తిగా అమ్మేవారి మీదే పడుతున్నది. సంతకం చేశాక తేల్చుకుందామనుకునే వారికి చట్టం మిగిల్చే దారులు బహు తక్కువ.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో తపతీ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలి వంటి ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం మరీ ఎక్కువ. ఒకప్పటి ఈ పల్లె ఇప్పుడు మహానగరంలో భాగం. మరమగ్గాల షెడ్లు, కార్మికుల నివాసాలు, అపార్టుమెంట్లు అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. నదికి ఆవల వజ్రాల సానకు పేరొందిన కతార్‌గామ్ ఉంది. ఒడిశా నుంచి, సౌరాష్ట్ర నుంచి వచ్చిన కార్మికులు ఈ ప్రాంతాల్లో బతుకు వెతుక్కున్నారు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు సైతం దశాబ్దాలుగా సూరత్‌లో స్థిరపడి ఉన్నాయి. ఇటువంటి కుటుంబాలకు జీవితకాలపు పొదుపు అంతా ఒక్క ఇంటి రూపంలోనే ఉంటుంది. మగ్గం ఆగినా, వజ్రాల పని తగ్గినా, ఇంట్లో జబ్బు చేసినా, సొంత ఊరికి తిరిగి పోవాలనిపించినా అమ్మకానికి వచ్చేది అదే.

తొందర ఆ నగరానికి కొత్త కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది సూరత్ విడిచి వెళ్లారు. 2006 ఆగస్టులో తపతి వరద నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. 2020 లాక్‌డౌన్ కాలంలో వలస కార్మికులు మూటాముల్లె సర్దుకుని స్వస్థలాలకు తరలిపోయారు. ఊరు విడవవలసిన వాడికి ధర కంటె తేదీ ముఖ్యమవుతుంది. తక్షణ నగదు వ్యాపారం ఆధారపడేది ఈ ఒక్క విషయం మీదనే.

మోటా వరాఛా నేర్పిన పాఠం

అమ్రోలికి చేరువలోనే ఉన్న మోటా వరాఛాకు చెందిన ఒక భూమి వివాదంలో సుప్రీంకోర్టు 2020 జులై 9న ఇచ్చిన తీర్పును ఆస్తి అమ్మదలచిన ప్రతి ఒక్కరూ తెలుసుకోవడం మంచిది. అది ఇల్లు కాదు, వ్యవసాయ భూమి. కొన్నది తక్షణ నగదు కంపెనీ కూడా కాదు. అయినా అందులోని పాఠం ఇంటికీ పొలానికీ ఒక్కటే.

2009 జులై 2న ఆ భూమి విక్రయ దస్తావేజు రిజిస్టరయింది. ధర ఒక కోటి 74 లక్షల 2 వేల రూపాయలు. ఈ మొత్తం 36 చెక్కుల ద్వారా ముట్టినట్లు దస్తావేజులో రాసుకున్నారు. కొన్నవారు 2013 ఏప్రిల్ 1న ఆ భూమిని 2 కోట్ల ఒక లక్ష రూపాయలకు మరొకరికి అమ్మేశారు. మొదట అమ్మిన కుటుంబం 2014 డిసెంబరులో కోర్టుకెక్కింది. తమకు చదువు రాదని, ఆరు చెక్కుల ద్వారా 40 వేల రూపాయలు మాత్రమే ముట్టాయని, మిగిలిన 30 చెక్కులూ బూటకమని, కనుక దస్తావేజును రద్దు చేయాలని కోరింది.

కింది కోర్టు ఆ దావాను విచారణ వరకు రానీయకుండానే తోసిపుచ్చింది. హైకోర్టు, ఆపై సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్నే ఖాయం చేశాయి. సుప్రీంకోర్టు చెప్పిన కారణాలు రెండు. ధర పూర్తిగా ముట్టలేదన్న కారణంతో రిజిస్టరయిన విక్రయం రద్దు కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం చెల్లించిన ధరకే కాక, చెల్లిస్తామని వాగ్దానం చేసిన ధరకు జరిగిన బదలాయింపు కూడా విక్రయమే. ఇక రెండవ కారణం, దావా వేయవలసిన మూడేళ్ల గడువు దాటిపోవడం. బాకీ సొమ్ము కోసం వేరే మార్గాలు ఉండవచ్చు గాని, భూమి మాత్రం తిరిగి రాదన్నది తీర్పు సారాంశం.

ఆరోపణల నిజానిజాలు అటుంచితే, దస్తావేజులో ‘ముట్టినది’ అన్న ఒక్క మాటకు ఎంత బలముందో ఈ కేసు చాటుతున్నది. ధర పూర్తిగా ముట్టకముందే హక్కు మారిపోతే, బాకీ మేరకు ఆ ఆస్తి మీద విక్రేతకు హక్కు ఉంటుందని ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ చెబుతున్నది. అయితే ఆ బాకీ సంగతి తెలియక, సొమ్ము చెల్లించి కొన్న మూడో వ్యక్తి మీద ఆ హక్కు నిలవదు. సొమ్మంతా ముట్టిందని అమ్మినవాడే సంతకం చేసి ఇచ్చాక, ఆ బాకీ సంగతి మూడో వ్యక్తికి తెలిసే అవకాశం ఎక్కడిది? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఊరికే పుట్టలేదు.

కొనేవాడా, కొనిపించేవాడా?

తక్షణ నగదు ఇస్తామనే వారందరూ తమ సొమ్ముతో కొనేవారు కారన్నది గుర్తించవలసిన మొదటి విషయం. కొందరు నిజంగానే కొని, బాగుచేసి, లాభానికి అమ్ముకుంటారు. మరికొందరు కొద్దిపాటి బయానా చేతిలో పెట్టి ఒప్పందం రాయించుకుంటారు. దీనినే గుజరాత్‌లో బానాఖత్ అంటారు. ఆ కాగితం చేత పట్టుకుని అసలు కొనుగోలుదారు కోసం వెతకడం మొదలు పెడతారు. దొరికితే మధ్యలో మిగిలేది వారి లాభం. దొరకకపోతే కాలయాపన, చివరికి ధర తగ్గించమని ఒత్తిడి. ఇటువంటి వ్యవహారంలో పెట్టుబడి కంపెనీది కాదు, అమ్మేవాడిదే.

ఒప్పందం మీద సంతకం చేయడం చిన్న విషయం కాదు. నిర్దిష్ట ఉపశమన చట్టానికి చేసిన సవరణలు 2018 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన తర్వాత, ఒప్పందాన్ని అమలు జరిపించమని ఆదేశించడం కోర్టుల విచక్షణకు వదిలిన విషయంగా మిగలలేదు. అటువంటి దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. అంటే కొన్ని వేల రూపాయల బయానాతో ఒక ఇంటిని ఏళ్ల తరబడి వివాదంలో బంధించవచ్చు. రిజిస్టరు చేసిన ఒప్పందంతో పాటు ఇంటి తాళాలు కూడా అప్పగిస్తే పరిస్థితి మరింత క్లిష్టమవుతుంది. ఒప్పందం ప్రకారం నడుచుకుంటున్న కొనుగోలుదారు తన స్వాధీనాన్ని కాపాడుకునే వీలు ఆస్తి బదలాయింపు చట్టం 53ఎ సెక్షన్ కల్పిస్తున్నది.

ఇక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ సంగతి. దస్తావేజు ఖర్చు ఎందుకు, జి.పి.ఏ. రాసిస్తే చాలు అనే సలహా తరచు వినిపిస్తుంది. జి.పి.ఏ., ఒప్పందం, వీలునామాలతో స్థిరాస్తి హక్కు మారదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. హక్కు మారకపోయినా అమ్మే అధికారం మాత్రం ఎదుటివాడి చేతికి పోతుంది. ఆ అధికారంతో అతడు ఎవరికి, ఎంతకు అమ్మినా పత్రాల మీద ఉండేది యజమాని పేరే. పన్ను నోటీసు, కోర్టు నోటీసు వచ్చేదీ యజమానికే.

నగదే అసలు ప్రమాదం

ఈ ప్రకటనల్లో ఆకర్షించేది ‘నగదు’ అన్న మాట. విచిత్రమేమంటే అమ్మేవాడిని చిక్కుల్లో పడవేసేదీ అదే. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20 వేల రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా స్వీకరించడాన్ని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఉల్లంఘిస్తే తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు. ఆ జరిమానా ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. ఐదు లక్షల నగదు తీసుకున్న విక్రేత ఐదు లక్షల జరిమానాకు సిద్ధపడవలసిందే. కనుక నోట్ల కట్టలు చూపించే కంపెనీ విక్రేతకు మేలు చేస్తున్నట్లు కాదు.

ధర విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. ప్రభుత్వం నిర్ణయించే కనీస విలువను గుజరాత్‌లో జంత్రీ అంటారు. 2011 నాటి జంత్రీ రేట్లను ఆ రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ 15 నుంచి బాగా పెంచింది. అమ్మకపు ధర స్టాంపు విలువ కంటె గణనీయంగా తక్కువైతే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ స్టాంపు విలువనే అమ్మకపు ధరగా పరిగణిస్తారు. పది శాతం వరకే మినహాయింపు. తొందరలో కారుచౌకగా అమ్మినవారు చేతికి రాని సొమ్ముకు సైతం పన్ను లెక్క చెప్పవలసి రావచ్చు.

సంతకానికి ముందు అడగవలసినవి

అమ్మేవాడి పత్రాలను కొనేవాడు పది రకాలుగా పరిశీలిస్తాడు. హక్కు పత్రాలు, పన్ను రసీదులు, సొసైటీ అనుమతి, భవన వినియోగ అనుమతి అన్నీ అడుగుతాడు. అది సమంజసమే. కొనేవాడి పత్రాలను అమ్మేవాడు అడగడం మాత్రం మర్యాద కాదన్నట్లు మనలో ఒక మొహమాటం ఉంది. ముందుగా వదులుకోవలసింది ఆ మొహమాటాన్నే.

కంపెనీ ఎవరిదన్నది మొదటి ప్రశ్న. కంపెనీల వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఏ కంపెనీ ఎప్పుడు ఏర్పడింది, చెల్లించిన మూలధనం ఎంత, డైరెక్టర్లు ఎవరు అన్న వివరాలు చూడవచ్చు. లక్ష రూపాయల మూలధనంతో ఆరు నెలల కిందట పుట్టిన కంపెనీ 40 లక్షల ఇల్లు వారంలో కొంటానంటే, ఆ సొమ్ము ఎక్కడినుంచి వస్తుందో అడగడంలో తప్పు లేదు. సొమ్ము ఉన్నవారు బ్యాంకు ధ్రువపత్రం చూపడానికి వెనుకాడరు.

ఇంతకు ముందు ఎవరి ఇళ్లు కొన్నారన్నది రెండవ ప్రశ్న. నిజంగా కొన్నవారి పేరు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం రికార్డుల్లో కొనుగోలుదారుగా ఉంటుంది. రెండు మూడు దస్తావేజుల వివరాలు అడిగి, ఆ ఇళ్లు అమ్మిన కుటుంబాలతో మాట్లాడితే ప్రకటనలు చెప్పని విషయాలు తెలుస్తాయి. చెప్పిన ధరే ఇచ్చారా, చివరి రోజున తగ్గించారా అన్నది వారిని అడగవలసిన ముఖ్య విషయం.

దస్తావేజు ఎవరి పేరిట అన్నది మూడవ ప్రశ్న. ‘కొనుగోలుదారు లేదా వారు సూచించిన వ్యక్తి పేరిట’ అన్న వాక్యం ఒప్పందంలో కనిపిస్తే, ఎదుట ఉన్నవాడు కొనేవాడు కాక కొనిపించేవాడై ఉండవచ్చునని గ్రహించాలి. ఆ వాక్యాన్ని తొలగించమని గాని, గడువు దాటితే ఒప్పందం దానంతటదే రద్దవుతుందని రాయమని గాని పట్టుబట్టాలి.

అమ్మేవాడినే ముందుగా ఏదైనా రుసుము కట్టమంటున్నారా అన్నది నాల్గవ ప్రశ్న. ఇల్లు కొనేవాడు అమ్మేవాడికి డబ్బు ఇవ్వాలి గాని తీసుకోవడమేమిటి? పరిశీలన ఖర్చు, ఫైలు ఖర్చు పేరిట సొమ్ము అడిగిన చోటనే బేరం ముగించడం క్షేమం.

సూరత్ వంటి నగరాల్లో స్థానిక నిబంధనలూ చూసుకోవాలి. నగరంలోని కొన్ని ప్రాంతాలకు 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం వర్తిస్తుంది. అక్కడ కలెక్టరు ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు. ప్రభుత్వ పథకాల కింద కేటాయించిన ఇళ్లను కొన్నేళ్ల వరకు అమ్మరాదన్న షరతు ఉండవచ్చు. ఇవేవీ అడ్డు కావు, కాగితం మేం చూసుకుంటాం అనే కంపెనీ, రేపు చిక్కు వస్తే ఎక్కడ ఉంటుందో చెప్పలేం.

చివరిది చెల్లింపు వరుస. ముందు సొమ్ము, తర్వాత సంతకం, ఆ తర్వాతే తాళాలు. బ్యాంకు ద్వారా సొమ్ము ఖాతాలో జమ అయినట్లు స్వయంగా చూసుకున్న తర్వాతే దస్తావేజును ఒప్పుకోవాలి. చెక్కుల సంఖ్యలు రాసి ‘ముట్టినది’ అనడానికీ, సొమ్ము నిజంగా ముట్టడానికీ ఉన్న తేడా మోటా వరాఛా కేసు చెప్పనే చెప్పింది. సబ్ రిజిస్ట్రారు సమక్షంలో జరిగిన చెల్లింపును దస్తావేజు మీదనే నమోదు చేసే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 58వ సెక్షన్‌లో ఉంది. పాతదే అయినా ఈ నిబంధన ప్రయోజనం పొందే విక్రేతలు ఎందరు?

తొందరకు ఖరీదెంత?

ఉదాహరణకు ఒక ఇంటి విలువ 40 లక్షల రూపాయలనుకుందాం. మామూలుగా అమ్మితే నాలుగు నెలలు పట్టవచ్చు. తక్షణ నగదు కంపెనీ 32 లక్షలు ఇస్తానంటుంది. కుటుంబానికి వెంటనే కావలసింది పది లక్షలే అనుకుందాం. ఆ పది లక్షలను ఇల్లు తాకట్టు పెట్టి ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చుకున్నా, నాలుగు నెలలకు అయ్యే వడ్డీ 40 వేల రూపాయలు. తొందరపడి అమ్మితే పోయేది ఎనిమిది లక్షలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడకుండా సంతకం చేసేవారే ఎక్కువ.

అందరికీ ఈ లెక్క వర్తించదన్నదీ నిజమే. అప్పు పుట్టనివారు, నెలల తరబడి ఆగలేనివారు ఉంటారు. వారసుల మధ్య పంపకం తేలక పాడుబడుతున్న ఇళ్లూ ఉంటాయి. అటువంటి వారికి కొంత తక్కువకైనా వెంటనే కొనేవాడు దొరకడం మేలే. తక్కువ ధర ఇవ్వడం మోసం కాదు. ఎంత తక్కువో చెప్పకపోవడం, చెప్పిన ధర చివరి నిమిషంలో కోయడం, తన సొమ్ము కానిది తనదిగా చూపడం మోసం.

ఇతర దేశాల అనుభవం

ఈ విషయంలో ఇతర దేశాలు ఇప్పటికే చేదు అనుభవాలు చవిచూశాయి. బ్రిటన్‌లో నాటి ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ 2013లో ఈ వ్యాపారంపై అధ్యయనం జరిపింది. ఇటువంటి అమ్మకాల్లో సాధారణంగా మార్కెట్ ధర కంటె 10 నుంచి 25 శాతం తక్కువ వస్తున్నదని, కొన్ని సంస్థలు చివరి క్షణంలో ధర తగ్గిస్తున్నాయని హెచ్చరించింది. అమెరికాలో ఓపెన్‌డోర్ అనే భారీ సంస్థ, మార్కెట్‌లో అమ్మితే వచ్చే దాని కంటె తమకు అమ్మితేనే ఎక్కువ మిగులుతుందని ప్రచారం చేసింది. అది తప్పుదోవ పట్టించే ప్రచారమని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2022లో ఆ సంస్థ 6 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఎం.వి. రియల్టీ అనే మరో సంస్థపై ఫ్లోరిడా అటార్నీ జనరల్ దావా వేశారు. కొద్దిపాటి నగదు ముట్టజెప్పి, 40 ఏళ్లపాటు ఆ ఇంటిని తమ ద్వారానే అమ్మాలంటూ రాయించుకున్నారన్నది అభియోగం. చదువు, న్యాయ సహాయం అందుబాటులో ఉన్న దేశాల్లోనే పరిస్థితి ఇది.

మన దేశంలో 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రధానంగా కొత్త ఇళ్లు కట్టే బిల్డర్లను, ఏజెంట్లను ఉద్దేశించింది. పాత ఇల్లు నేరుగా కొనే కంపెనీ దాని పరిధిలోకి రాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు గాని సేవ గాని కొనేవారికి ఉద్దేశించినది, అమ్మేవారికి కాదు. అంటే ఇల్లు కొనేవాడికి రెండు చట్టాలు అండగా ఉండగా, అమ్మేవాడు ఒంటరిగా మిగిలాడు. ఈ లోటు పూడ్చడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. వ్యాపారంగా ఇళ్లు కొనే సంస్థలు రాష్ట్ర స్థాయిలో పేరు నమోదు చేసుకోవాలని, ఒప్పందంపై సంతకం చేశాక విక్రేత మనసు మార్చుకోవడానికి కొద్ది రోజుల వ్యవధి ఉండాలని, కంపెనీ ఇచ్చే ధరతో పాటు ప్రభుత్వ విలువ కూడా విక్రేతకు తెలిసిన భాషలో రాసి చూపాలని నిబంధనలు తెస్తే చాలు. సబ్ రిజిస్ట్రారు విక్రేతను ‘సొమ్ము ఖాతాలో పడిందా’ అని అడిగి, జమ వివరాలు చూసి నమోదు చేసే పద్ధతి పెడితే వివాదాల్లో అనేకం పుట్టకుండానే పోతాయి.

అంతవరకు విక్రేతకు రక్షణ అతడి నిదానమే. వారం రోజుల్లో కొంటామనే కంపెనీ, ఆ వారంలో రెండు రోజులు తన వివరాలు పరిశీలించుకోనిస్తుందా లేదా అన్నదే అన్నిటికంటె తేలికైన పరీక్ష. ‘ఈ రోజే సంతకం, రేపైతే ఈ ధర ఉండదు’ అనేవాడికి ఇంటి మీద కంటె ఇంటివాడి అవసరం మీదే ఎక్కువ ఆసక్తి ఉన్నట్లు లెక్క. నిజంగా కొనేవాడికి ఇల్లు రేపూ అక్కడే ఉంటుంది. అమ్మేవాడికి మాత్రం సంతకం చేసిన మరుక్షణం నుంచి ఆ ఇల్లు తనది కాదు.